ఫిలిప్పా పాత్రయందు బోడిల్ కేర్
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



గ్రంథాలయ సభలో సినిమాను గూర్చి ప్రసంగమేమని కొందరు పెద్దలకు సందేహము కలుగవచ్చును. ఈ ప్రసంగమునకు విషయమైన చిత్రము మొదట ఒక కథ. అచ్చయిన ముప్పదియేడు సంవత్సరములకు గాని అది తెరకెక్కలేదు. డెన్మార్కు దేశపు రచయిత్రి కారెన్ బ్లిక్సెన్ దానిని ఆంగ్లభాషలో వ్రాసి, ఐజాక్ డినెసెన్ అను పురుషుని పేరు పెట్టుకొని, 1950లో అమెరికాలోని ఒక స్త్రీల మాసపత్రికలో ప్రకటించెను. 1958లో అది ఆమె కథాసంపుటములలో నొకదానియందు చేరినది. పేరు 'బాబెట్ విందు'. 1987లో గాబ్రియేల్ ఆక్సెల్ అను దర్శకుడు దానిని డేనిష్ భాషలో చిత్రముగా తీసెను. మరుసటి సంవత్సరము అమెరికావారి ఆస్కార్ బహుమానములలో అది ఉత్తమ విదేశభాషాచిత్రముగా ఎన్నికైనది. ఆ గౌరవము పొందిన డేనిష్ చిత్రములలో అదియే మొదటిది. కథ పుస్తకముల బీరువాలో ఎంతకాలము నిద్రించినను, లేపువాడు వచ్చినచో లేచి నడచును గదా!

ఈ చిత్రమును చూచినవారందరు విందును గూర్చియు, విందు వండిన బాబెట్‌ను గూర్చియు చెప్పుదురు. అది న్యాయమే. బాబెట్ పాత్రను ధరించిన స్తెఫాన్ ఓద్రాన్ ఫ్రాన్సు దేశపు నటి, మిక్కిలి సమర్థురాలు. కాని ఈనాటి ప్రసంగమునకు నాయిక ఆమె కాదు. వంటయింటికి ఇవతల, చిన్న ముందుగదిలో, నిరాడంబరమైన దుస్తులు ధరించి పియానో ప్రక్కను కూర్చుండు ముసలి చెల్లెలొకతె కలదు. ఆమె పేరు ఫిలిప్పా. ఆ పాత్రను ధరించినది బోడిల్ కేర్. ఆ పాత్రకు ఆమెను పెట్టుటలో ఎంత ఔచిత్యమున్నదో తెలియవలెనన్నచో, ముందు ఆ నటి ఎవరో కొంత తెలియవలెను.

బోడిల్ కేర్ 1917లో ఓడెన్సె పట్టణమున జన్మించెను. పిల్లలందరికిని తెలిసిన కథకుడు ఆండర్సన్ పుట్టిన ఊరును అదియే. ఆమె కోపెన్‌హేగన్ నగరములోని రాజకీయ నాటకశాల, అనగా రాజుగారి పేరనున్న జాతీయ రంగస్థలమున, ఎన్నో సంవత్సరములు ప్రధానపాత్రలు ధరించెను. ఆమెను డేనిష్ రంగస్థలపు ప్రథమమహిళ యని ఆ దేశీయులు పిలుచుచుండెడివారు. 1944లో 'ఎల్లీ పీటర్సెన్' అను చిత్రమున నటించెను. 1947లో 'సైనికుడును జెన్నీయు' అను చిత్రమున జెన్నీ వేషము వేసెను. ఆ మరుసటి యేడు, 1948లో, కోపెన్‌హేగన్‌లోని చిత్రవిమర్శకులు ఏటేట ఉత్తమ చిత్రములకును నటీనటులకును బహుమతులీయ నిశ్చయించి, ఆ బహుమతికి పేరొకటి వెదకిరి. ఆ కాలమున వారి దేశమున ఇద్దరు బోడిల్‌లు ప్రసిద్ధులై యుండిరి. ఒకరు పెద్దావిడ, నటియు దర్శకురాలునైన బోడిల్ ఇప్సెన్. రెండవవారు ముప్పది నిండిన యీ బోడిల్ కేర్. ఇద్దరి గౌరవార్థమును బహుమతికి 'బోడిల్' అనియే పేరు పెట్టిరి. మొదటి సంవత్సరము ఉత్తమనటి బహుమతి ఎవరికి పోయినదనుకొందురు? జెన్నీ పాత్రకుగాను బోడిల్ కేర్‌కే పోయినది. తన పేరుగల బహుమతిని తానే అందుకొనిన వారు లోకములో ఎందరుందురో! శాలువ కప్పించుకొనుటకు ఆ శాలువను తానే నేసినట్లు కాదు. పేరు పెట్టినవారు వేరు, ఎన్నినవారును వారే. విమర్శకులు ఆ మొదటి యేడు కొంత ఉదారముగా నుండిరని ఎవరైన అన్నచో అనవచ్చును; కాని ఆ తరువాత నలువది యేండ్లు ఆమె చేసిన పని వారి యెన్నికను నిలబెట్టినది.

ఇట్లు నాటకశాలలో చప్పట్ల నడుమ జీవితమంతయు గడపిన స్త్రీకి, డెబ్బదియవ యేట దర్శకుడు ఇచ్చిన పాత్ర ఏది? యౌవనమున చప్పట్లు వలదని నాటకశాలకు వీపు త్రిప్పిన స్త్రీ పాత్ర. ఇందులోని చమత్కారమును విడచినచో చిత్రములో సగము పోయినట్లే.

కథ ఇది. బ్లిక్సెన్ వ్రాసిన కథలో ఊరు నార్వే ఉత్తరపు కొననున్న బెర్లెవాగ్. ఆక్సెల్ దానిని డెన్మార్కులోని జట్లాండ్ పడమటి తీరమునకు మార్చెను. బూడిదరంగు ఆకాశము, ఇసుక దిబ్బలు, గడ్డి కప్పిన కొద్ది యిండ్లు, ఎండు చేపలు వ్రేలాడు తాళ్లు. ఆ యూర ఒక మతబోధకుడు తనదియైన కఠిననిష్ఠగల శిష్యసంఘమును ఏర్పరచెను. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. మతసంస్కర్తయగు మార్టిన్ లూథర్ పేర పెద్దదానికి మార్టినె అనియు, ఆయన మిత్రుడైన ఫిలిప్ మెలాంక్తన్ పేర చిన్నదానికి ఫిలిప్పా అనియు పేరులు పెట్టెను. పేరులోనే పిల్లల దారి నిశ్చయమైనదన్న మాట. ఇద్దరును చక్కని వారు. పెద్దదానిని ప్రేమించి లోవెన్‌హీల్మ్ అను స్వీడన్ దేశపు యువ సైనికోద్యోగి వచ్చి, నోరు విప్పలేక తిరిగిపోయెను. అతని సంగతి మరల వచ్చును.

చిన్నదాని కొరకు వచ్చినవాడు పారిస్ నగరపు సంగీతనాటకశాలలో ప్రసిద్ధ గాయకుడైన అషీల్ పపాన్. విశ్రాంతికై ఆ తీరమునకు వచ్చి, దిగులు పట్టి, ఆదివారము ప్రార్థనామందిరములో అడుగిడినంతనే ఫిలిప్పా కంఠము వినెను. ఇట్టి గాత్రము ఈ ఇసుకదిబ్బల నడుమ మాయమైపోవుటయా యని ఆతడు ఉప్పొంగి, తండ్రి అనుమతి పొంది పాఠములు చెప్ప నారంభించెను. పారిస్‌లో రాజులును రాణులును ఆమె పాట వినుటకు వత్తురనియు, ఆమె ఆ నగరమునకే తార యగుననియు చెప్పెను. మోజార్ట్ రచించిన 'డాన్ జొవానీ' సంగీతనాటకములోని ఒక యుగళగీతమును నేర్పెను. ఆ పాటలో వంచకుడైన ప్రభువొకడు పల్లెపిల్లను తన భవనమునకు రమ్మని చేయి చాచును. ఆమె వత్తునా మాననా యని ఊగులాడి తుదకు వత్తుననును. గురువు ప్రభువై, శిష్యురాలు పల్లెపిల్లయై పాడిరి. ప్రక్కగదిలో తండ్రియు అక్కయు వినుచుండిరి. పాట అయిన పిమ్మట ఫిలిప్పా తండ్రితో, ఇక పాఠములు వలదని ఆ పెద్దమనిషికి వ్రాయుడని చెప్పెను. పపాన్ ఉత్తరము చదువుకొని ఓడ యెక్కెను.

ఈ ఘట్టములో ఫిలిప్పాగా కనబడునది హానె స్టెన్స్‌గార్డ్ అను యువనటి. బోడిల్ కేర్ కాదు. కాని ముసలి ఫిలిప్పా ముఖములో మనము వెదకవలసినది ఈ దినమునే.

ఆమె ఎందుకు వలదనెను? చూచువారిలో కొందరు తండ్రి నిర్బంధమందురు, కొందరు మతమౌఢ్యమందురు. చిత్రము అంత సులభముగా తీర్పు చెప్పదు. తండ్రి ఆమెను ఆపలేదు. ఆమె కోరినదే వ్రాసెను. ఆ యుగళగీతము పాడుచున్నప్పుడు పాటలోని పిల్ల వణకిన వణకు తన యొడలిలోను పుట్టినదని ఆమెకు తెలిసిపోయినది. ఆ వణకునకే భయపడెను. ఇచ్చట మనవారికి త్యాగరాజస్వామివారు జ్ఞాపకమునకు రావచ్చును. తంజావూరు రాజు పిలుపును ఆయన కాదనినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. కాని ఈ రెండును ఒకటి కావు. ఆయన కాదనినది ధనమును. పాట ఆయనకు రామసన్నిధికి మార్గము, దానియందు ఆయనకు భయము లేదు. ఫిలిప్పా కాదనినది పాటలోనున్న తన హృదయమును. ఆ తరువాతను ఆమె పాడినది. ఊరి ముసలివారి నడుమ భక్తిగీతములు మాత్రము పాడినది. సముద్రమును వదలి బావినీరు త్రాగినట్లు. బావినీరును మంచినీరే.

ఎన్నో యేండ్లు గడచినవి. తండ్రి పోయెను. అక్కచెల్లెండ్రు పెండ్లి లేక ముసలివారై, తమకున్న కొద్ది రాబడిని పేదలకు పంచుచు కాలము గడపుచుండిరి. 1871 సెప్టెంబరులో ఒక గాలివాన రాత్రి, తడిసిన స్త్రీయొకతె వారి గుమ్మమున వాలిపోయెను. ఆమెయే బాబెట్. ఆ సంవత్సరము పారిస్‌లో మార్చి నుండి మే వరకు 'కమ్యూన్' అను ప్రజాపాలన నడచి, మే నెల తుదివారమున రక్తపాతముతో అణగద్రొక్కబడినది. ఆ కల్లోలమున బాబెట్ భర్తయు కొడుకును చంపబడిరి. ఆమె చేతిలో పపాన్ వ్రాసిన ఉత్తరమొకటి యుండెను.

ఈ యుత్తరమే ఫిలిప్పా పాత్రకు ఆయువుపట్టు. పపాన్ ముసలివాడైనాడు, ఒకప్పుడు తనకు చప్పట్లు కొట్టినవారు తనను మరచిరని వ్రాయును. ఫిలిప్పా బిడ్డలతో, గౌరవముతో హాయిగా నుండియుండుననియు, పేరుప్రతిష్ఠలు ఏమియు కావనియు, ఆమె ఎన్నిన దారియే మంచిదనియు వ్రాయును. అయినను సమాధితో కథ ముగియదనియు, స్వర్గమున ఆమె కంఠము తాను మరల విందుననియు, భగవంతుడు ఏ గొప్ప కళావతిగా ఆమెను తలపెట్టెనో అచ్చట ఆమె అట్లే యగుననియు, దేవతలు పరవశులగుదురనియు వ్రాయును. ఇంత కవిత్వము వ్రాసిన పిమ్మట చివర పొడిగా ఒక్క మాట: బాబెట్‌కు వంట వచ్చును. ఇంత ఒదుగు మాట చిత్రమంతయు వెదకినను మరియొకటి లేదు.

ఉత్తరములో బిడ్డలన్నాడు; ఎదుటనున్నది పెండ్లి లేని ముసలిది. స్వర్గమన్నాడు, ఎదుటనున్నది జీతమిచ్చుటకు సొమ్ము లేదే యను చింత. ఇట్టి చోట మామూలు నటి కన్నీరు తుడుచుకొనును, లేదా కిటికీలోనుండి దూరముగా చూచును. బోడిల్ కేర్ చేసినది ఇంచుమించు ఏమియు లేదు. ఆ ముఖము మీద ఒక నీడ వచ్చును, పోవును. వచ్చిన అతిథికి చోటు చూచు పని ముందు పడును. రంగస్థలమున వేలమంది జనమునకు వినబడునట్లు జీవితమంతయు మాటాడిన నటి, కెమెరా యెదుట అంత అణగియుండుట ఎంత సాధనమో! బరువెత్తువాని బలము అందరికిని కనబడును. ఎత్తగలిగియు ఎత్తక నిలిచినవాని బలము ఎవరికి తెలియును?

మన లక్షణగ్రంథములలో దీనిని గూర్చి పాత వివాదమొకటి కలదు. భరతుని నాట్యశాస్త్రమున రసములెనిమిది. తరువాతి వారు శాంతమును తొమ్మిదవదిగా చేర్చిరి. దశరూపకము వ్రాసిన ధనంజయుడు, కావ్యమున ఎట్లున్నను నాటకమున శాంతము పనికిరాదనెను; ఏలయనగా శమమనగా సకలవ్యాపారములును అణగుట, వ్యాపారము లేనిచో నటుడు అభినయించునదేమి? అభినవగుప్తాచార్యులు శాంతము కలదని గట్టిగా వాదించిరి. ఈ వివాదమును పండితులు గ్రంథములతో తేల్చుకొందురు గాక. బోడిల్ కేర్ ముఖము చూచినవారికి మాత్రము ధనంజయుని మాట కొంత సడలును. అయితే ఒక మెలిక యున్నది. ఫిలిప్పాది నిజమైన శాంతమా, లేక నివురుగప్పిన నిప్పా? ఈ ప్రశ్నను చిత్రము చివరి నిమిషముల వరకు దాచియుంచును.

ఇక హాస్యము. ఇది కన్నీటి చిత్రము మాత్రమే యని ఎవరును అనుకొనరాదు. బాబెట్ జీతము లేక ఆ యింట చేరినది. ఎండుచేపను నానబెట్టుట, రొట్టెముక్కలను సారాయితో కలిపి జావ కాచుట అక్కచెల్లెండ్రు ఆమెకు నేర్పుదురు. పారిస్‌లో పేరెన్నికగన్న వంటకత్తెకు ఈ పాఠము! ఆమె శ్రద్ధగా విని తల యూపును. ఆమె వచ్చినది మొదలు బేరములాడి కొనుటచేత ఇంటి ఖర్చు తగ్గి, నెల తిరుగునప్పటికి సొమ్ము మిగులుచుండుటను గూర్చి అక్కచెల్లెండ్రు ఆశ్చర్యపడుదురు. జమాఖర్చు తెలిసినవారికి ఈ చిన్న సంగతి ఎంతో ముచ్చట గొల్పును. ఏ నటనయు చెప్పలేనంతగా బాబెట్ ఎట్టిదో ఆ నిలువ సొమ్మే చెప్పుచున్నది.

పండ్రెండేండ్లకు పైబడిన పిదప, పారిస్‌లోని మిత్రుడొకడు ఏటేట ఆమె పేర కొనుచుండిన లాటరీ టిక్కెట్టునకు 10,000 ఫ్రాంకులు వచ్చినవి. మతబోధకుని నూరవ జన్మదినము దగ్గరపడుచుండెను. ఆనాటి భోజనము ఫ్రెంచి పద్ధతిలో తానే వండుదునని, తన సొమ్ముతోనే చేయుదునని బాబెట్ అడిగెను. ఓడలో బ్రదికిన తాబేలు, పంజరములలో పిట్టలు, మంచుగడ్డలు, సీసాలు దిగసాగినవి. మార్టినెకు పీడకలలు వచ్చినవి. తండ్రి పేర సైతాను విందు జరుగునేమో యని ఊరి ముసలివారందరు చేరి యొక నిర్ణయము చేసికొనిరి: తినవలసినదే, కాని భోజనమును గూర్చి నోరెత్తరాదు, రుచి యను ఇంద్రియమే లేనట్లుండవలెను.

విందునాటి హాస్యమంతయు ఈ శపథము చుట్టు తిరుగును. అప్పటికి పెద్ద సేనానియైన లోవెన్‌హీల్మ్ అతిథిగా వచ్చును. శపథము సంగతి ఆతనికి తెలియదు. యార్ల్ కుల్లే అను స్వీడన్ నటుడు ఈ పాత్రను అద్భుతముగా పోషించెను. ఒక గుటక వేసి, ఇది 1860వ సంవత్సరపు ఫలానా ద్రాక్షసారాయము గదా యని ఆతడు నివ్వెరపోవును. ప్రక్కవాడు రేపంతయు మంచు పడునని బదులిచ్చును. ముసలమ్మయొకతె పొరపాటున నీళ్ల గ్లాసు పుచ్చుకొని, మొగము చిట్లించి, మరల సారాయపు గ్లాసు వైపే చేయి చాచును. భరతుడు నవ్వును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు తరగతులుగా విభజించి, మొదటి రెండును ఉత్తమ ప్రకృతులవనెను. ఈ చిత్రము పుట్టించునవి ఆ రెండే. పెదవి విచ్చును, పల్లు కనబడీ కనబడకుండును.

తినుచున్నకొలది ఆ ముసలివారి పాతపగలు కరగును. వ్యాపారములో ఒకరినొకరు మోసగించుకొనినవారు ఒప్పుకొని నవ్వుకొందురు. దర్శకుడు ఈ బల్ల చుట్టును కూర్చుండబెట్టిన ముఖములను గూర్చి ఒక మాట చెప్పవలెను. అక్క మార్టినె వేషము బిర్గిట్టె ఫెడర్‌స్పీల్‌ది. కార్ల్ డ్రేయర్ అను మహాదర్శకుడు 1955లో తీసిన 'వాక్కు' చిత్రములో ప్రసవవేదనతో మరణించి మరల లేచు ఇల్లాలు ఆమెయే. ఆ చిత్రమున తాను క్రీస్తునని తిరుగు పిచ్చివాడుగా నటించిన ప్రేబెన్ లెర్డోర్ఫ్ రియెయు, డ్రేయర్ 1943 నాటి చిత్రములో యువతిగా నటించిన లిస్బెత్ మోవిన్‌యు ఇచ్చట ముసలి భక్తులుగా కూర్చుండిరి. కథ చెప్పు కంఠము గీతా నోర్బీ అను మరియొక ప్రసిద్ధనటిది. ఒక దేశపు నటనాచరిత్ర అంతయు ఒక బల్ల చుట్టు చేరి భోజనము చేసినట్లున్నది.

భోజనానంతరము అందరును ముందుగదికి వత్తురు. ఫిలిప్పా పియానో ముందు కూర్చుండి పాడును. పాట భక్తిగీతమే. ఒకప్పుడు పారిస్‌ను వశపరచుకొనదగిన కంఠమున మిగిలినది ఇంతేనా యనిపించును. మరుక్షణమే ఇంత మిగిలినదా యనిపించును. ఆమె ఎవరికొరకును పాడుచున్నట్లు కనబడదు. గాయని పాత్రను ధరించు నటి, ప్రేక్షకుని మెప్పించు ఒక్క చూపైనను విసరకుండుట ఎంత నిగ్రహము!

అతిథులు పోవుదురు. వాకిట బావి చుట్టును చేతులు పట్టుకొని ముసలివారు పాడుకొందురు. అక్కచెల్లెండ్రు వంటయింటికి పోయి, భోజనము బాగున్నదని బాబెట్‌తో చెప్పుదురు. ఆమె అలసి కూర్చుండియుండును. అప్పుడు, తానొకప్పుడు పారిస్‌లోని కఫే ఆంగ్లేలో ప్రధాన పాకకర్తనని ఆమె చెప్పును. ఆ భోజనశాల కల్పితము కాదు. 1867లో రష్యా చక్రవర్తియు, ఆయన కుమారుడును, ప్రష్యా రాజును అచ్చట కలసి భుజించిన విందు చరిత్రప్రసిద్ధము. నిజమునకు ఆనాటి పాకశాలకు అధిపతి ద్యూగ్లెరే అను పురుషుడు. బాబెట్ మాత్రమే రచయిత్రి కల్పన.

అక్కచెల్లెండ్రు బాబెట్ ఇక పారిస్‌కు పోవునని నిశ్చయించుకొని యుండిరి. ఆమె పోవుట లేదు. అచ్చట ఆమెకు ఎవరును లేరు. చేత సొమ్మును లేదు. 10,000 ఫ్రాంకులును ఈ ఒక్క భోజనమునకు ఖర్చయినవి. కఫే ఆంగ్లేలో పన్నిద్దరికి భోజనమునకు అంతయే అగునట. జమ 10,000, ఖర్చు 10,000, నిలువ సున్న. ఏ తనిఖీదారు చూచినను తప్పు పట్టలేని లెక్క, ఏ గృహస్థుడు చూచినను గుండె పగుల లెక్క.

ఇందులో మరియొక ముల్లు కూడ కలదు. కమ్యూన్‌ను అణచివేసిన సేనానులలో గాలిఫే చరిత్రలో నున్నవాడు. ఆ కఫేలో బాబెట్ వంటను మెచ్చి, దాని విలువ తెలిసి తినినవారు ఆతడును, ఆతనివంటి వారునే. ఎవరు ఆమె భర్తను కొడుకును చంపించిరో వారే ఆమె కళకు సహృదయులు. రచయిత్రి బ్లిక్సెన్ కథలో ఈ సంగతిని మరింత గట్టిగా నొక్కిచెప్పును. కళ తెలిసినవాడు మంచివాడై యుండవలెనను నియమము లేదు. విందున లోవెన్‌హీల్మ్ ప్రతి వంటకమును గుర్తించెను, చక్కని యుపన్యాసమును ఇచ్చెను. కాని వంటయింటి వైపు తొంగిచూడలేదు. వంటకము తెలిసినది, వండినదెవరో తెలియలేదు. వంటయింట ఒక మూలను కూర్చుండి, ఏ శపథమును లేక తృప్తిగా తినిన బండివాడు ఆతనికంటె మేలని చెప్పవలెను.

సొమ్మంతయు పోయినదని వినగానే మార్టినె, ఇక జీవితమంతయు బీదరికమే గదా యని బాధపడును. మంచిది, దయగల మాట. కళ గలవారు బీదలు కారని బాబెట్ బదులు చెప్పును. ఇది తమ కొరకు మాత్రమే చేసినది కాదనియు చెప్పును. తన శక్తి యంతయు చూపుటకు ఒక్క అవకాశమీయుడని కళాకారుని హృదయము లోకమంతట మొరపెట్టుచుండునని పపాన్ అనుచుండెడివాడని చెప్పును.

పపాన్ పేరు! ఆ గదిలో ఆ పేరు వినదగినవారు ఒక్కరే. అక్కకు ఆ మాట ఒక సంగతి. చెల్లెలికి అది జీవితము. తన శక్తి యంతయు చూపు అవకాశము ఒకప్పుడు ఆమె గుమ్మము ముందుకు వచ్చి నిలిచినది. ఆమె తలుపు మూసెను. ఎదుటనున్న స్త్రీ ఆ అవకాశమునకై ఉన్నదంతయు నూడ్చి పెట్టినది. ఇద్దరిలో ఎవరు ధన్యులు? చిత్రము చెప్పదు. బోడిల్ కేర్ ముఖమును చెప్పదు.

ఫిలిప్పా బాబెట్‌ను కౌగిలించుకొని, ఇంతటితో ముగియలేదనియు, భగవంతుడు తలపెట్టిన గొప్ప కళావతివి నీవు స్వర్గమున అగుదువనియు, దేవతలు పరవశులగుదురనియు చెప్పును. వినువారు ఉలికిపడుదురు. ఈ మాటలు ఆమెవి కావు. పపాన్ ఉత్తరములోనివి. ఆ గాలివాన రాత్రి చదివి మడిచిపెట్టిన ఆ యుత్తరమును ఆమె ఇన్ని యేండ్లు అక్షరమక్షరముగ లోపల దాచుకొనియున్నది. ఆ నిష్ఠ క్రింద, ఆ ఎండుచేపల క్రింద, ఆ జావ క్రింద అది చెక్కుచెదరక యున్నది. తనకు ప్రాప్తింపక మిగిలిన ఒకే ఒక నగను తీసి, అర్హురాలైన తోడికోడలి మెడలో వేసినట్లు ఆ మాటలను బాబెట్‌కు ఇచ్చివేయును. ఈ మాటలు చెప్పునపుడు నటి కంఠము హెచ్చింపదు, నాటకశాల స్వరము రానీయదు. ధనంజయుడును అభినవగుప్తుడును పోట్లాడిన ప్రశ్నకు ఇచ్చట జవాబు దొరకును: అది నివురుగప్పిన నిప్పే, అది శాంతమును.

సేనానికి వంట తెలిసినది. భక్తులకు వంటవలన మేలు కలిగినది. బాబెట్ తెలిసినది మాత్రము పాట మానుకొనిన ఫిలిప్పాకే.

ఆ చిత్రము విడుదలైన యేడు బోడిల్ కేర్‌కు డెబ్బది సంవత్సరములు నిండినవి. 2003లో ఆమె పరమపదించెను. చిత్రమున ఆమె చివరిసారి కనబడునది ఆ కౌగిలిలోనే. పిమ్మట తెరపై కిటికీయొకటి, దానిలో కొవ్వొత్తి, బయట మంచు కురియుచుండును, కొవ్వొత్తి ఆరిపోవును.